అటక మీది రాక్షసులు

బోమాంట్‌లో మేముండే వీధినుంచి దక్షిణంగా సముద్రం వైపు మూడు నాలుగు కిలోమీటర్లు నడిస్తే మరీనో క్రెసెంట్ అని ఒక ఇళ్ళవరస వస్తుంది. నెలవంకలాగా వంగిన వరస, ఎదురుగా చిన్న తోట. ఆ వరసలో 15వ నంబరు ఇంట్లో 1847 నవంబరు 8న బ్రామ్ స్టోకర్ పుట్టాడు. డ్రాక్యులాను లోకం మీదికి వదిలిన మహానుభావుడు ఈయనే. ఏడేళ్ళ వయసుదాకా ఏదో అంతుపట్టని జబ్బుతో మంచం దిగలేదట. తల్లి పక్కన కూర్చుని, 1832లో స్లైగో ఊరికి కలరా వచ్చినప్పుడు తాను చిన్నపిల్లగా చూసినవీ విన్నవీ కథలుగా చెప్పేదట. రోగుల్ని ప్రాణం పోకముందే పాతిపెట్టారన్న కథలు అందులో ఉన్నాయి. మన ఇళ్ళల్లో జ్వరం వచ్చిన పిల్లవాడికి ఎవరైనా ఇలాంటి కథలు చెబితే నాయనమ్మ చీపురు తిరగేసేది. ఆవిడ చెప్పింది గనకనే ప్రపంచానికి ఒక పిశాచం దక్కింది.

మన సంఘంలో సగంమంది వైద్యులం గనక మనకు ఇంకో చుట్టరికం కూడా ఉందని చెప్పాలి. బ్రామ్‌గారి అన్న థార్న్‌లీ స్టోకర్ పేరున్న శస్త్రవైద్యుడు. డబ్లిన్ రిచ్మండ్ ఆసుపత్రిలో పనిచేశాడు, ఐర్లండ్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌కు అధ్యక్షుడయ్యాడు, మెదడుకు శస్త్రచికిత్స చేసిన తొలితరం వాళ్ళలో ఒకడు. తమ్ముడు నవల రాస్తూ, తలకు దెబ్బ తగిలితే ఏమవుతుందని అడిగితే, బొమ్మ గీసి మరీ రాసి ఇచ్చాడు. ఆ కాగితం నవల నోట్సుతో పాటు ఫిలడెల్ఫియాలో రోజెన్‌బాక్ మ్యూజియంలో ఉంది. ఆ రిచ్మండ్ ఆసుపత్రీ, జెర్విస్ స్ట్రీట్ ఆసుపత్రీ మూతపడి, రెండూ కలిసి 1987 నవంబరులో బోమాంట్ ఆసుపత్రి అయ్యాయి. మెదడు శస్త్రచికిత్స విభాగం రిచ్మండ్ నుంచే ఇక్కడికి వచ్చింది. అంటే రెన్‌ఫీల్డ్ పుర్రెకు వైద్యం చెప్పిన విభాగానికి వారసులు మా పేటలోనే రోజూ రౌండ్లు తిరుగుతున్నారన్నమాట!

అన్నగారు తల గురించి సరిగ్గానే చెప్పాడు గాని, నెత్తురు గురించి తమ్ముడికి ఎవరూ చెప్పినట్టు లేదు. నవలలో లూసీ అనే అమ్మాయికి నలుగురు మగవాళ్ళ రక్తం ఒకరి తరవాత ఒకరిది ఎక్కిస్తారు. గ్రూపూ లేదు, క్రాస్ మ్యాచింగూ లేదు. నవల వచ్చింది 1897లో, లాండ్‌స్టైనర్ రక్తంలో రకాలున్నాయని కనిపెట్టింది 1900-01 ప్రాంతంలో. లూసీని డ్రాక్యులాయే చంపాడని ఇప్పటిదాకా అందరూ నమ్ముతున్నారు. నాకు మాత్రం వాన్ హెల్సింగ్ మీద అనుమానం.

ఈ ఉపోద్ఘాతం ఎందుకంటే, రెండేళ్ళ కిందట నాకు ఒక అట్టపెట్టె సంక్రమించింది. దాని గురించి రాయడానికే కూర్చున్నాను.

1980లలో ఐర్లండ్ వచ్చి, ఇక్కడి ఆసుపత్రుల్లోనే ఉద్యోగం పూర్తిచేసి, ఇప్పుడు విశ్రాంతిగా ఉన్న డాక్టరుగారొకరు పెద్ద ఇల్లు అమ్మేసి చిన్న ఇంటికి మారుతున్నారు. సామాను సర్దడానికి సాయం వెళ్ళాను. పిన్నిగారు అటక కిందనుంచి నిచ్చెన పట్టుకుని, "బాబూ, ఆ మూల పెట్టె కూడా దించు. అన్నీ పాత వీడియో కాసెట్లే. చెత్తలో వేద్దామంటే చెత్తవాళ్ళు కూడా తీసుకోమంటున్నారు. నీకు భూతాల పిచ్చి ఉందిగా, నువ్వే పట్టుకుపో," అన్నారు. బాబాయిగారు కిందనుంచి, "అందులో మాయాబజార్ ఉంది, జాగ్రత్త," అన్నారు. పారెయ్యడానికి ఒప్పుకున్నవాళ్ళు జాగ్రత్త ఎందుకు చెబుతారో ఆలోచించండి.

పెట్టెలో 43 కాసెట్లున్నాయి. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, అన్నమయ్య కీర్తనలు, క్రికెట్టు పోగా, 17 కాసెట్లలో రాక్షసులూ, మాంత్రికులూ, దయ్యాలూ తేలారు. పాతాళభైరవి, మాయాబజార్, కీలుగుర్రం, విఠలాచార్యగారివి ఆరు. వాటితో పాటు, ఆయన మీద ఐర్లండ్ ప్రభావం కాబోలు, టీవీలోంచి ఎక్కించుకున్న కార్లాఫ్ ఫ్రాంకెన్‌స్టైన్, క్రిస్టఫర్ లీ డ్రాక్యులా. అన్నిటి వీపుల మీదా పిన్నిగారి గుండ్రటి అక్షరాలతో పేర్లు. ఒకదాని మీద "భయం, పిల్లలకు వద్దు" అని ఎర్రసిరా.

* * *

రాక్షసుణ్ణి ఇంటికి తెచ్చుకుని బీరువాలో పెట్టుకోవడమనే అలవాటు వీడియోతో మొదలైంది కాదు. హాలీవుడ్‌లో యూనివర్సల్ సంస్థ 1931 ఫిబ్రవరిలో డ్రాక్యులానూ, అదే ఏడాది నవంబరులో ఫ్రాంకెన్‌స్టైన్‌నూ విడుదల చేసింది. 1932లో మమ్మీ, 1941లో తోడేలు మనిషి వచ్చారు. మరో సంస్థ నుంచి 1933లో కింగ్‌కాంగ్ వచ్చాడు. వీళ్ళు సినిమాహాళ్ళు వదిలి ఇళ్ళలోకి రావడానికి మొదటి దారి 8 మిల్లీమీటర్ల ఫిల్ము. యూనివర్సల్ 1947లో కాసిల్ ఫిల్మ్స్ అనే వ్యాపారాన్ని కొనుక్కుంది. గంటపైన నడిచే భూతం సినిమాను పదినిమిషాలకు కుదించి, చాలావాటిలో మాటల్లేకుండా అక్షరాలు మాత్రం వేసి, చిన్న రీళ్ళుగా అమ్మేవాళ్ళు. చిన్న ప్రొజెక్టరు, గోడకు దుప్పటి ఉంటే చాలు. 1957లో ఈ పాత భయానక చిత్రాలు 52 ఒక కట్టగా కట్టి అమెరికా టీవీ స్టేషన్లకు అద్దెకిచ్చారు. అర్ధరాత్రి ప్రదర్శనలు మొదలయ్యాయి. మరుసటి ఏడే వీటికోసం ఫేమస్ మాన్‌స్టర్స్ అనే పత్రిక పుట్టింది. తండ్రులు హాల్లో చూసి జడుసుకున్న దాన్ని కొడుకులు ఇంట్లో పోగుచేసుకోవడం అక్కడ అలా పాకింది.

1975లో సోనీ బీటామాక్సు, 1976లో జెవిసి వారి వి.హెచ్.ఎస్. వచ్చాక కథ మారింది. టీవీలో వచ్చేదాన్ని ఇంట్లోనే ఎక్కించుకోవచ్చు. ఇది దొంగతనమని సోనీ మీద దావా వేసిన నిర్మాతల్లో మొదటి పేరు యూనివర్సల్‌ది, అనగా డ్రాక్యులా యజమానిది. 1984 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురిమీద నెగ్గి, ఇంట్లో తరవాత చూసుకోవడానికి ఎక్కించుకుంటే తప్పులేదని తీర్పు చెప్పింది. ఇక అప్పటినుంచి అదే యూనివర్సల్ తన రాక్షసుల్ని కాసెట్లుగా అమ్ముకుని దండిగా సంపాదించింది. వద్దని కోర్టుకెళ్ళిన సంబంధమే బంగారంలాంటి కోడల్ని తెచ్చిపెట్టింది.

కాసెట్ల వల్ల సినిమాలకు జరిగిన మేలు ఒకటుంది. ఫ్రాంకెన్‌స్టైన్‌లో ఆ మహాకాయుడు చెరువుగట్టున చిన్నపిల్లతో పువ్వులాట ఆడి, పువ్వులు తేలాయి గనక పిల్ల కూడా తేలుతుందనుకుని నీళ్ళలోకి విసిరేస్తాడు. ఆ ముక్క కత్తిరించేశారు. కత్తిరించినందువల్ల, వాడు ఇంకేదో ఘోరం చేశాడని ప్రేక్షకులు ఊహించుకున్నారు. అర్ధశతాబ్దం తరవాత, 1980లలో, వీడియో కూర్పుల్లో ఆ ముక్క తిరిగి చేరింది. రాత్రిపూట అవే సెట్ల మీద స్పానిష్‌లో తీసి, అదే 1931లో విడుదల చేసిన మరో డ్రాక్యులా ఉంది. దాంట్లో పోయిన రీలు క్యూబాలో దొరికి, 1992లో కాసెట్టుగా వచ్చింది. 1958 నాటి క్రిస్టఫర్ లీ డ్రాక్యులాలో సెన్సారు తీసేసిన తునకలు 2011లో జపానులో బయటపడ్డాయి. మన పెట్టెలో ఉన్నది ఆ తునకలు లేని డ్రాక్యులా.

కార్లాఫ్ అంటే గుర్తొచ్చింది. ఆయన అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. తండ్రి మనదేశంలో ఉప్పు పన్ను శాఖలో ఉద్యోగం చేశాడు. వంశంలో భారతీయ రక్తం ఉంది. ఆ చామనచాయ ముఖాన్నే స్టూడియోవాళ్ళు పచ్చరంగు పూసి శవాన్ని చేశారు. గాంధీగారు దండి వెళ్ళి ఉప్పు పట్టుకున్న మరుసటి ఏడే ఉప్పు శాఖ ఉద్యోగిగారి అబ్బాయి ఫ్రాంకెన్‌స్టైన్ భూతమయ్యాడు.

* * *

ఇకపోతే మన రాక్షసుల సంగతి.

మన తొలి టాకీలోనే రాక్షసుడున్నాడు. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన భక్తప్రహ్లాదలో మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడు. ఎలా గర్జించారో వినే యోగం మనకు లేదు, ఆ ఫిల్ము ఒక్క ప్రతి కూడా మిగల్లేదు. 1949లో మీర్జాపురం రాజావారు తీసిన కీలుగుర్రంలో అంజలీదేవిగారు పగలు రాణి, రాత్రి రాక్షసి. ఏనుగుల్నీ గుర్రాల్నీ భోంచేసి, తెల్లారేసరికి నంగనాచిలా అంతఃపురంలో కూచుంటుంది. తరవాత రెండు దశాబ్దాలు సీతగానూ సువర్ణసుందరిగానూ జనం దండాలు పెట్టిన మనిషిని ఆ వేషంలో చూడడం గమ్మత్తుగా ఉంటుంది.

1951లో పాతాళభైరవి. కాశీమజిలీ కథల్లోంచి బీజం తీసుకుని కె.వి.రెడ్డిగారు, పింగళివారు, కెమెరా పట్టుకున్న మార్కస్ బార్‌ట్లే కలిసి చేసిన మాయ అది. 1952 జనవరిలో బొంబాయిలో మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగినప్పుడు అక్కడ ప్రదర్శించారు. తోటరాముడు నాయకుడే, కాదనను. అయినా ఊరు గుర్తుపెట్టుకున్నది ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుణ్ణి. ఆ గడ్డం, ఆ కంటి విసురు, ఆ పలుకులోని ఈల! బేలా లుగోసీ డ్రాక్యులాగా కళ్ళమీద వెలుగు వేయించుకుని చూసిన చూపునూ దీన్నీ ఒకే రాత్రి వరసగా వేసుకుని చూశాను. లుగోసీ ఒకే స్థాయిలో భయపెడతాడు. రంగారావు మాత్రం భయపెడుతూ భయపెడుతూ మధ్యలో నవ్విస్తాడు, నవ్వుతుండగా మళ్ళీ గొంతు పట్టుకుంటాడు. మనవాడని చెప్పడం కాదు, మీరూ చూసి చెప్పండి.

ఆరేళ్ళ తరవాత, 1957 మార్చిలో, ఆయనే ఘటోత్కచుడు. ఇక్కడే నాకు ఈ రెండు దేశాల రాక్షసులకు తేడా తెలిసింది. పాశ్చాత్య భూతం ఎక్కడినుంచో వస్తాడు. పరదేశం నుంచి పడవలో పెట్టె వేసుకుని వస్తాడు, లేదా ఒక వైద్యుడు ప్రయోగశాలలో కుట్టి లేపుతాడు, లేదా సముద్రం అడుగునుంచి లేస్తాడు. వాణ్ణి చంపితేగాని కథ ముగియదు. ఘటోత్కచుడు మన ఇంటివాడు. భీముడి కొడుకు, అభిమన్యుడికి అన్న. పెళ్ళికి పిలవకపోయినా వస్తాడు, మగపెళ్ళివాళ్ళ పని పడతాడు, వంటశాలలో దూరి గంగాళాలు ఖాళీ చేస్తాడు, తమ్ముడి పెళ్ళి జరిపించి ఇంటికి పోతాడు. అలాంటి మనిషి ప్రతి కుటుంబంలోనూ ఒకడుంటాడు, పేర్లు చెప్పను. ఆ భోజనం పాటలో లడ్లు వాటంతటవే కదిలి నోట్లోకి వెళ్ళే యుక్తికీ, 1933లో విల్లిస్ ఓబ్రియన్ కింగ్‌కాంగ్‌ను నడిపించిన యుక్తికీ మూలం ఒకటే. ఒక్కొక్క ఫ్రేమూ తీసి ఆపి, వస్తువును వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ తియ్యడం. వాళ్ళు కోతిని నడిపించారు, మనవాళ్ళు మిఠాయిని.

మా అమ్మాయికి ఆరేళ్ళు. పోయిన హాలోవీన్‌కు పేటలోని పిల్లలంతా డ్రాక్యులాలూ మమ్మీలూ అవుతుంటే తను ఘటోత్కచుడినవుతానంది. అట్టతో గద చేశాం, మా ఆవిడ పాత పట్టుచీర అంచు కిరీటమైంది. పక్కింటి ఐరిష్ తాతగారు తలుపు తీసి, ఎవరమ్మా నువ్వు అని అడిగితే, "రాక్షసుణ్ణి. కాని మీ వైపే," అందట. ఆయన రెండు చాక్లెట్లు ఎక్కువ వేశాడు.

విఠలాచార్యగారిది వేరే సంప్రదాయం. 1920లో ఉడుపి దగ్గర పుట్టిన కన్నడదేశం మనిషి. మైసూరులో చిత్రాలు తీసి, తరవాత మద్రాసు వచ్చి, తెలుగువాళ్ళకు జానపద బ్రహ్మ అయ్యారు. అగ్గిపిడుగు 1964, అగ్గిబరాటా 1966, చిక్కడు దొరకడు 1967, గండికోట రహస్యం 1969. ఖర్చు తక్కువ, ఊపు ఎక్కువ. నటుడెవరైనా డేట్ల దగ్గర పేచీ పెడితే ఆ పాత్రను శాపం పేరుతో చిలకనో మేకనో చేసి షూటింగు సాగించేవారని చెప్పుకుంటారు. నిజమైనా కాకపోయినా, చూస్తుంటే నమ్మబుద్ధేస్తుంది. 1978లో వచ్చిన జగన్మోహినిలో జయమాలిని దయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్ళు పెట్టి వంట చేస్తుంది. పిన్నిగారు ఎర్రసిరాతో రాసింది ఆ కాసెట్టు మీదే. అర్ధరాత్రి దాటాక నేనొక్కణ్ణే కూర్చుని చూశాను. నవ్వొచ్చింది. ఆ తరవాత వంటగదిలో దీపం ఆర్పడానికి వెళ్ళాలంటే కాస్త ఆలోచించాను, దాచడమెందుకు.

మాయల మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉండడం మనకు మామూలు. ఐర్లండ్ దేశానికంతటికీ మూత్రపిండాల మార్పిడి కేంద్రం మా బోమాంట్‌లోనే ఉంది. అవయవాన్ని చల్లని పెట్టెలో పెట్టి పరుగెత్తుతున్న వాళ్ళను చూసినప్పుడల్లా నాకు ఆ చిలక గుర్తొస్తుంది.

* * *

నేను పుట్టింది 1980ల చివర. వీడియో అంటే మా ఊళ్ళో శివరాత్రి. బజారులో వి.సి.ఆర్.నూ రంగుల టీవీనీ రాత్రికింతని అద్దెకిచ్చేవారు. రిక్షాలో తెచ్చి అరుగు మీద పెట్టేవారు. వీధివీధంతా చాపలు తెచ్చుకునేది. జాగారానికి నాలుగు కాసెట్లు: మొదటిది భక్తి, రెండోది పెద్దల కోసం సాంఘికం, మూడోది విఠలాచార్య, నాలుగోది వచ్చేసరికి మేం నిద్రపోయేవాళ్ళం. బొమ్మ ఎగిరితే వీడియో అబ్బాయి మూత తీసి కొత్త పదిరూపాయల నోటుతో హెడ్డు తుడిచేవాడు. ఆ నోటు మాత్రం తిరిగి ఇచ్చేవాడు కాదు. ఈ కాసెట్ల దుకాణాల్లోంచే దర్శకులు కూడా పుట్టారు. అమీర్‌పేటలో వీడియో దుకాణం నడిపిన రాంగోపాల్‌వర్మగారు 1989లో శివ తీశాక, 1992లో రాత్రి తీశారు. మన భాషలో మాంత్రికుడి గడ్డం లేకుండా, ఉత్త ఇంటితోనూ పిల్లి అరుపుతోనూ భయపెట్టవచ్చునని చూపించిన చిత్రం అది.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు అప్పట్లో తెలుగు కాసెట్లు సూట్‌కేసుల్లో వచ్చేవని బాబాయిగారు చెప్పారు. ఇండియా వెళ్ళినవాళ్ళు గోంగూర పచ్చడి సీసా, రెండు కాసెట్లు తేవడం ఆనవాయితీ. ఒకరి దగ్గర అసలు ఉంటే రెండు వి.సి.ఆర్.లు తీగతో కలిపి అయిదిళ్ళకు ప్రతులు తీసేవారు. ఇందులో ఐర్లండ్‌వాళ్ళకు ఒక అదృష్టం ఉండేది. ఇండియాదీ ఇక్కడిదీ ఒకే పద్ధతి, పాల్ అనేది: 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. కాసెట్టు తెచ్చి పెడితే ఆడుతుంది. అమెరికాలో ఉన్న చుట్టాలకు పంపితే అక్కడ 525 గీతల ఎన్.టి.ఎస్.సి. పద్ధతి గనక, ఘటోత్కచుడు గళ్ళగళ్ళుగా చీలిపోయి పైకి కిందకీ దొర్లేవాడు. మార్పించుకోవడానికి డాలర్లు పోయాలి.

దీంట్లో ఒక తమాషా ఉంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, పాల్ కాసెట్టు 25. అందుచేత సినిమా నూటికి నాలుగుపాళ్ళు తొందరగా పరుగెడుతుంది. మూడు గంటల నాలుగు నిమిషాల బొమ్మ 177 నిమిషాల్లో అయిపోతుంది. 180 నిమిషాల కాసెట్టులో మాయాబజార్ మొత్తం పట్టిందంటే ఆ ఏడు నిమిషాల పుణ్యమే. దాంతోపాటు శ్రుతి కూడా అర స్వరానికి కాస్త తక్కువగా పైకి జరుగుతుంది. మాధవపెద్ది సత్యంగారి గొంతును నేను చిన్నప్పటినుంచీ విన్న శ్రుతి ఆయన పాడిన శ్రుతి కాదని ముప్ఫై దాటాక తెలిసింది. తెలిసినా నా చెవికి ఇదే సరైన శ్రుతి. ఏం చేస్తాం.

* * *

ఇక అసలు సంగతి. ఈ పెట్టెలో ఉన్నవి దాదాపు అన్నీ దొంగప్రతులే. మనదేశంలో 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి వీడియో కాసెట్లను అందులోకి తెచ్చారు. ఇక్కడ ఐర్లండ్‌లో వీడియోల చట్టం 1989లో వచ్చింది. చట్టాలు వచ్చాయి, అయినా తీగలూ, రెండు వి.సి.ఆర్.లూ అలాగే ఉన్నాయి. మద్రాసులోనో హైదరాబాదులోనో అప్పుచేసి సినిమా తీసిన నిర్మాతకు మన సూట్‌కేసుల్లోంచి ఒక్క పైసా ముట్టలేదు. ఇది నాకు ఇబ్బందిగా ఉన్న మాట నిజం. వీటిని దాచి, కంప్యూటరులోకి ఎక్కించి, పదిమందికీ పంచడం మంచిపనా చెడ్డపనా అని ఇంట్లో చర్చ కూడా జరిగింది. మా ఆవిడ న్యాయం నిర్మాత పక్షాన ఉందంటుంది.

నాకు తోచిన జవాబు కూడా మరీనో క్రెసెంట్ వైపునుంచే వచ్చింది. 1922లో జర్మనీలో మూర్నౌ అనే దర్శకుడు నోస్ఫెరాటు తీశాడు. డ్రాక్యులా కథే, పేర్లు మార్చాడు, అనుమతి తీసుకోలేదు. అప్పటికి స్టోకర్ పోయి పదేళ్ళు. ఆయన భార్య ఫ్లోరెన్స్, ఈ డబ్లిన్‌లోనే పెరిగిన ఆవిడ, ఒకప్పుడు ఆస్కార్ వైల్డ్ మనసు పడిన అందగత్తె, అప్పుడు భర్త పుస్తకాల మీద వచ్చే కొద్దిపాటి డబ్బుతో బతుకుతోంది. కోర్టుకెక్కింది. కంపెనీ దివాలా తీసింది, చేతికి డబ్బు రాలేదు. 1925లో ప్రతులన్నీ తగలబెట్టమని తీర్పు వచ్చింది. న్యాయంగా చూస్తే ఆవిడది నూటికి నూరుపాళ్ళు సబబు. అయినా ఎక్కడెక్కడో దాగిన కొన్ని ప్రతులు ఆ తీర్పును తప్పించుకోబట్టే ఈనాడు ఆ సినిమా ఉంది. చట్టం పాటించినవాళ్ళు దాన్ని తగలబెట్టారు, పాటించనివాళ్ళు బతికించారు. దీంట్లో ఎవరి పక్షం వహించాలో నాకిప్పటికీ తెలియదు. కాని నోస్ఫెరాటు లేని లోకం నాకొద్దు.

ఎదురు ఉదాహరణ కూడా ఉంది. లాన్ చేనీ వేసిన లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్ 1927 నాటిది. సొంతదారు గిడ్డంగిలో చట్టబద్ధంగా, తాళం వేసి, భద్రంగా పెట్టిన ప్రతి 1965లో గిడ్డంగితో సహా కాలిపోయింది. వేరే ప్రతి ఎక్కడా తేలలేదు. ఇప్పుడు మిగిలినవి నిలువు ఫొటోలే. అదే 1910లో ఎడిసన్ సంస్థ తీసిన మొట్టమొదటి ఫ్రాంకెన్‌స్టైన్ పోయిందనుకున్నారు. విస్కాన్సిన్‌లో పాత ఫిల్ములు పోగుచేసే ఒక పెద్దమనిషి దగ్గర దొరికింది.

మన దగ్గర కాలిపోయినవాటికి లెక్క లేదు. పాత నైట్రేటు ఫిల్ము నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. నిప్పు తగలకపోతే అదే పులిసి, జిగటై, పొడి అవుతుంది. చాలా ప్రతుల్ని వాటిలోని వెండి కోసం కరగబెట్టారు. పి.కె. నాయర్‌గారు ఊరూరా తిరిగి పోగుచేస్తే, 1964లో పుణేలో మొదలైన జాతీయ ఫిల్ము భాండాగారం నిలబడింది. అక్కడే 2003 జనవరిలో అగ్నిప్రమాదమై నైట్రేటు రీళ్ళు ఎన్నో బూడిదయ్యాయి.

ఇప్పుడన్నీ ఇంటర్నెట్టులో ఉన్నాయిగా, ఈ చెత్త ఎందుకని మీరు అడగవచ్చు. నేనూ అడుక్కున్నాను. వెతికి చూశాను. ఉన్నవి ఉన్నాయి. కాని కొన్నిటిలో టీవీ వెడల్పుకు సరిపోవాలని పైనా కిందా కోసేశారు. ఘటోత్కచుడి కిరీటం పోయింది. కొన్నిటిలో పాటలు లేవు. 2010 జనవరి 30న రంగుల్లో విడుదలైన మాయాబజార్ ఎంతో శ్రమపడి చేసిన పని, నేనూ సంతోషంగా చూశాను. అందులో కొన్ని పాటలూ పద్యాలూ తగ్గించారు. పిన్నిగారి కాసెట్టులో బొమ్మ మసక, గీతలు పడుతోంది, కుడివైపు అంచు వంగింది. అయినా పద్యాలున్నాయి.

కాలం మాత్రం కొద్దిగానే ఉంది. ఇక్కడ వీధివీధికీ ఉండిన ఎక్స్‌ట్రా-విజన్ వీడియో దుకాణాలు 2016లో మూతపడ్డాయి. ప్రపంచంలో చివరిగా వి.సి.ఆర్.లు తయారుచేస్తూ వచ్చిన జపాను కంపెనీ ఫూనాయ్ కూడా అదే ఏడాది జూలైలో ఆపేసింది. అంటే ఇప్పుడు పనిచేస్తున్న యంత్రాలే ఉన్న యంత్రాలు. కాసెట్టుకు వచ్చే జబ్బు ముఖ్యంగా బూజు. చిన్న కిటికీలోంచి చూస్తే టేపుచుట్ట మీద తెల్లటి మచ్చలు కనబడతాయి. కోస్తా ఉక్కలో పట్టిన శిలీంధ్రానికి డబ్లిన్ అటక చెమ్మ పుట్టిల్లు. అలాంటిదాన్ని యంత్రంలో పెట్టకండి, యంత్రమూ చెడుతుంది, తరవాత పెట్టే కాసెట్లకూ అంటుతుంది. ఆపరేషన్ థియేటరులో నేర్చుకున్న నియమమే: శుభ్రం కానిది లోపలికి పోకూడదు. నేను ముక్కుకు మాస్కు కట్టి, పెరట్లో పెట్టెవిప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో మెల్లిగా తుడుస్తాను. ఒక్కో కాసెట్టుకు ఒక ఆదివారం పడుతుంది. 17లో ఇప్పటికి 11 అయ్యాయి. రెండింటిని కాపాడలేకపోయాను. వాటిలో ఒకటి కీలుగుర్రం. మధ్యలో టేపు అతుక్కుపోయి ఊడొచ్చింది. బాబాయిగారికి చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. రోగి బంధువులకు చెప్పినట్టే చెప్పాను. ఆయన, "పోనీలే, చివరిదాకా చూశాం కదా," అన్నారు.

మీ అటకల మీద కూడా ఉంటాయి. పడుకోబెట్టకుండా, పుస్తకాల్లా నిలబెట్టి, పొడిగా ఉన్న గదిలో పెట్టండి. బూజు ఉన్నవి వేరుచెయ్యండి. నాకు కబురుచేస్తే వచ్చి తీసుకెళ్ళి, కంప్యూటరులోకి ఎక్కించి, కాసెట్టుతో సహా తిరిగిస్తాను. రాక్షసులే కానక్కర్లేదు.

రాక్షసులే కానక్కర్లేదని ఎందుకన్నానంటే, మాయాబజార్ కాసెట్టులో ఘటోత్కచుడు మొదటిసారి గద తిప్పుకుంటూ వచ్చే చోట బొమ్మ ఒక్కసారిగా తెగి, వేరే దృశ్యం వస్తుంది. ఎవరో పొరపాటున దానిమీద ఎక్కించారు. గోధుమరంగు కార్పెట్టు ఉన్న చిన్న హాలు. నేల మీద దుప్పటి, దుప్పటి మీద తొలి పుట్టినరోజు పాప, ఎర్ర గౌను. చుట్టూ పట్టుచీరల్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు, స్వెట్టర్లు వేసుకున్న మగవాళ్ళు. ఎవరో మంగళహారతి ఎత్తుకుంటే మధ్యలో మాట మరిచిపోయి నవ్వేస్తారు. గోడమీది క్యాలెండరులో 1988 కనబడుతుంది. పదకొండు నిమిషాలు. తరవాత మళ్ళీ గీతలు పడి, రంగారావుగారు సగం మాటలో ప్రత్యక్షమవుతారు.

పిన్నిగారికి చూపించాను. ఆ ఇల్లు తమది కాదన్నారు. కాసెట్టు అయిదిళ్ళు తిరిగి వచ్చింది గనక ఎవరింట్లో ఎక్కిందో గుర్తులేదట. హారతి పాడినావిడ గొంతు మాత్రం ఎక్కడో విన్నట్టుందన్నారు. ఆ పాపకు ఇప్పుడు దాదాపు నా వయసుంటుంది. కిటికీలోంచి ఎర్ర ఇటుకల చర్చి గోపురం కొస కనబడుతోంది, పాప పక్కన పసుపుపచ్చ ప్లాస్టిక్ ఏనుగు ఉంది. ఈ గుర్తులు తెలిసినవాళ్ళు ఈ సంచిక చదివితే దయచేసి చెప్పండి. ఆ పదకొండు నిమిషాలూ విడిగా తీసి పెట్టాను.